పేరు పిలవాలి, పార్టీ అడగకూడదు

ఓటరు నమోదు అనగానే మనకు ఎన్నికలే గుర్తొస్తాయి. అయిదేళ్లకోసారి పోలింగు, వేలికి సిరా చుక్క, అక్కడితో సరి అనుకుంటాం. అరకు, పాడేరు, సాలూరు, రంపచోడవరం కొండల్లో మాత్రం ఆ జాబితాకు ఇంకో పని కూడా ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం 1996లో పార్లమెంటు చేసిన పెసా చట్టం, గ్రామసభ అంటే ఎవరో స్పష్టంగా చెప్పింది. ఊరి పంచాయతీ ఓటర్ల జాబితాలో పేర్లున్న వాళ్లే గ్రామసభ. భూమి సేకరించే ముందు సంప్రదింపులు, చిన్న తరహా ఖనిజాల లీజులకు సిఫారసు, పేదల పథకాలకు లబ్ధిదారుల ఎంపిక లాంటి అధికారాలను ఆ చట్టం గ్రామసభలకు, పంచాయతీలకు అప్పగించింది. పంచాయతీ జాబితాకు ఆధారం అసెంబ్లీ ఓటర్ల జాబితాయే. అంటే పెద్ద జాబితాలో పేరు గల్లంతైన కొండమీది మనిషి ఎమ్మెల్యేను ఎన్నుకునే హక్కుతో పాటు, తన ఊరి సభలో లెక్కకు వచ్చే హక్కునూ పోగొట్టుకుంటాడు. అందువల్ల మన్యంలో పనిచేసే స్వచ్ఛంద సంస్థలకు ఓటరు నమోదు అనేది ఎన్నికల ముందు నెలలో చేసి వదిలేసే కార్యక్రమం కాకూడదు. మరి ఏ పార్టీకీ కొమ్ము కాయకుండా ఆ పని చేయడం ఎలా? నిష్పాక్షికత మనసులో ఉంటే చాలదనీ, పనిచేసే పద్ధతిలోనే అది పైకి కనబడాలనీ నా అభిప్రాయం. కొండ ప్రాంతానికి తగిన పద్ధతి ఒకటుంది. జాబితాను గూడెం గూడేనికీ తీసుకెళ్లి, అందరి ఎదుటా, అందరి పేర్లూ చదివి వినిపించడమే ఆ పద్ధతి.

ముందుగా, జాబితాలో పేర్లు ఎందుకు తప్పిపోతాయో చూద్దాం. ఇక్కడ ఒక పంచాయతీ అంటే ఒక ఊరు కాదు. కొండవాలున ఒకటి, లోయలో ఒకటి, వాగు అవతల మరొకటిగా చెదిరి ఉన్న గూడేలన్నీ కలిస్తే ఒక పంచాయతీ. రోడ్డు లేక ఇప్పటికీ రోగులను డోలీలో మోసుకొచ్చే శిఖర గ్రామాలు ఉన్నాయి. ఓటర్ల జాబితా పని చూసే బూత్ స్థాయి అధికారి, బీఎల్‌వో, అంటే సాధారణంగా ఒక అంగన్‌వాడీ కార్యకర్తో, ఉపాధ్యాయుడో, సచివాలయ ఉద్యోగో. సొంత ఉద్యోగం చేసుకుంటూ ఈ బాధ్యత కూడా మోసే ఆ ఒక్క మనిషి ప్రతి కొండా ఎక్కడం కష్టం. రెండో చిక్కు పేర్లతో వస్తుంది. కిల్లో, పాంగి, కొర్రా, వంతల, గొల్లోరి లాంటి కొద్దిపాటి ఇంటిపేర్లే వందల ఊళ్లలో కనిపిస్తాయి. పుట్టిన వారాన్ని బట్టి పెట్టిన పేర్లు తరచుగా వినిపిస్తాయి. ఇంటిపేరు, సొంతపేరు రెండూ కలిసిన ఇద్దరు మనుషులు ఒకే ఊళ్లో ఉండటం వింతేమీ కాదు. కంప్యూటరుకు మాత్రం వాళ్లు ఒకే ఓటరు రెండుసార్లు నమోదైనట్టు కనిపించవచ్చు. పేరు దగ్గర వచ్చే ఇబ్బంది మన దేశానికి కొత్త కాదు. మొదటి సాధారణ ఎన్నికల జాబితా తయారైనప్పుడు చాలామంది స్త్రీలు తమ పేరు చెప్పక ఫలానా వారి భార్యననో, తల్లిననో నమోదు చేయించుకున్నారు. అలాంటివి సుమారు 28 లక్షల నమోదులను నాటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ జాబితాలో చేర్చనివ్వలేదు. మూడో చిక్కు వలస. పంటలు అయిపోయాక కూలికి మైదానాలకో, పొరుగు రాష్ట్రాలకో వెళ్లిన కుటుంబం తలుపుకు తాళం చూసి ఊరు విడిచి వెళ్లిపోయినట్టు రాసుకునే ప్రమాదం ఉంది. తాత్కాలికంగా ఊళ్లో లేనంత మాత్రాన నివాసం పోదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. ఆ సంగతి వలస వెళ్లినవారికి తెలియదు, వారి తరఫున చెప్పేవారూ ఉండరు.

ఈ లోటు పూడ్చడానికే స్వచ్ఛంద సంస్థలు కావాలి. చాలా సంస్థలు వెంటనే చేసే ఆలోచన ఏమిటంటే, కొత్త ఓటర్లు నింపే ఫారం 6 కట్టలు తెచ్చి, ఊళ్లో అందరిచేతా నింపించి, మూటగట్టి మండల కార్యాలయంలో ఇచ్చిరావడం. ఎన్నికల సంఘం దీన్ని ఒప్పుకోదు. వ్యక్తులు గానీ, సంస్థలు గానీ గుంపుగా తెచ్చిన దరఖాస్తులు తీసుకోకూడదని దాని ఆదేశం. ఒకే ఇంట్లోని వారి దరఖాస్తులు కలిపి ఇవ్వడం వరకే వెసులుబాటు ఉంది. గుర్తింపు పొందిన పార్టీల బూత్ ఏజెంట్లకు కూడా రోజుకు ఇన్నే ఇవ్వాలన్న పరిమితి పెట్టారు. ఈ ఆంక్ష చూసి విసుక్కునే కార్యకర్తలు ఉంటారు. నా దృష్టిలో ఇది మంచిదే. దరఖాస్తు మధ్యవర్తి చేతిలో ఉన్నంతసేపూ ఎవరిది ముందుకు కదలాలో, ఎవరిది సంచిలోనే ఉండిపోవాలో అతనే నిర్ణయిస్తాడు. ఆ అధికారం సంస్థకు లేకపోవడమే దాని నిజాయితీకి మొదటి రక్ష. మరి సంస్థ చేయాల్సిందేమిటి? ముసాయిదా జాబితాలో ఆ ఊరికి సంబంధించిన భాగాన్ని గ్రామసభలో చదివి వినిపించి పేర్లు సరిచూడాలని ఎన్నికల సంఘం సూచనల్లోనే ఉంది. మారుమూల గూడేల్లో అది కాగితం మీదే మిగిలిపోకుండా నిజంగా జరిగేలా చూడటంలోనే సంస్థకు చేతినిండా పని ఉంది.

అది జరగాల్సిన తీరు ఇలా ఉండాలి. ముందు జాబితాను పంచాయతీగా కాకుండా గూడేలుగా విడదీసుకోవాలి. అందరూ అందుబాటులో ఉండే రోజు చూసి, సంత రోజు, విత్తనాల రోజులు తప్పించి, బీఎల్‌వోను వెంటబెట్టుకుని గూడేనికి వెళ్లాలి. ఒక్కొక్క పేరూ పిలవాలి. తెలుగులో పిలిస్తే అర్థం కాని చోట కువి, ఆదివాసీ ఒడియా, పోర్జా, సవర మాట్లాడే స్థానికులు చదవాలి. పిలిచిన ప్రతి పేరుకూ ఊరే జవాబు చెబుతుంది. ఈమె ఉంది, ఈయన పోయిన ఏడాది చనిపోయాడు, ఈ పిల్ల పెళ్లయి అత్తవారి ఊరు వెళ్లింది, వీడు కూలికి వెళ్లాడు గానీ పండక్కి వస్తాడు. ఆ తర్వాతే అసలు ప్రశ్న వేయాలి: ఇక్కడున్న వారిలో పేరు వినబడని వారెవరు? పద్దెనిమిదేళ్లు నిండిన కొత్తవారికి ఫారం 6, తప్పులుంటే, ఊరు మారితే ఫారం 8. గతంలో జనవరి 1 నాటికి వయసు నిండితేనే అవకాశం ఉండేది. 2022 ఆగస్టు నుంచి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల ఒకటో తేదీలు నాలుగూ అర్హత తేదీలే. పదిహేడేళ్లు నిండినవారు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆశ్రమ పాఠశాలల్లో, జూనియర్ కళాశాలల్లో చదివే పిల్లలకు ఇది చాలా ఉపయోగం. చిరునామా పత్రం ఏదీ లేదని ఎవరినీ వెనక్కి పంపనక్కర్లేదు. అలాంటివారి విషయంలో బీఎల్‌వో స్వయంగా వచ్చి విచారించాలని ఫారంలోనే ఉంది. ఆధార్ నంబరు తప్పనిసరి కాదని ఎన్నికల సంఘమే 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టుకు తెలిపింది. నింపిన దరఖాస్తును ఎవరిది వారే బీఎల్‌వో చేతికి ఇవ్వాలి. రసీదు ఎవరిది వారి దగ్గరే ఉండాలి. సంస్థ రాసుకోవాల్సింది ఎంతమంది ఇచ్చారు, ఎంతమంది పేర్లు ఎక్కాయి, తిరస్కరించినవాటికి కారణమేమిటి అన్న లెక్క మాత్రమే.

ఇంత జాగ్రత్త ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మన రాష్ట్రంలో జరిగిన సంగతులే సమాధానం చెబుతాయి. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో పేర్లు తొలగించమంటూ ఫారం 7 దరఖాస్తులు లక్షల్లో వచ్చిపడ్డాయి. తమ పేరుతో దరఖాస్తు వెళ్లిన సంగతే తెలియనివారు ఎందరో బయటపడ్డారు. పోలీసు కేసులు నమోదయ్యాయి. జాబితాలో వేలు పెట్టే అవకాశం దొరికితే దాన్ని ఆయుధం చేసుకునేవారు ఉంటారని ఆ రోజుల్లో రాష్ట్రమంతా చూసింది. అదే ఏడాది ఆగస్టులో గ్రామ వలంటీర్ల వ్యవస్థ వచ్చింది. ఇంటికి పింఛను తెచ్చే మనిషే ఓటును ప్రభావితం చేస్తాడన్న అనుమానం ముదిరి, 2024 మార్చి 30న ఎన్నికల సంఘం నగదు పంపిణీ నుంచి వలంటీర్లను పక్కనపెట్టింది. ఆ అనుమానం ప్రతి వలంటీరు విషయంలోనూ నిజం కాకపోవచ్చు. కానీ సాయమూ ఓటూ ఒకే చేతి మీదుగా నడిస్తే, ఆ చేయి ఎంత శుభ్రమైనదైనా నమ్మకం నిలవదని తేలింది. ఇక మన కొండల్లో పార్టీ ముద్ర వేరే ప్రమాదం కూడా తెస్తుంది. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను మావోయిస్టులు కాల్చి చంపారు. 2024లో కూడా భద్రత కారణంగా అరకు, పాడేరు, రంపచోడవరం నియోజకవర్గాల్లో పోలింగును సాయంత్రం నాలుగింటికే ముగించారు. ఇలాంటి చోట ఒక సంస్థ కార్యకర్తను ఎవరి మనిషో అని ఊరు అనుకోవడం చిన్న విషయం కాదు. దాని ఫలితం ఆ కార్యకర్త ఒక్కరితో ఆగదు, పేరు రాయించుకున్న ఊరివాళ్లూ ఆ నీడలోకి వస్తారు.

ఈ అనుభవాల నుంచి కొన్ని నియమాలు తీసుకోవచ్చు. ఊరిని ఎంచుకునేటప్పుడు అక్కడ ఏ పార్టీకి ఎన్ని ఓట్లు వచ్చాయన్న లెక్క చూడకూడదు. జాబితాలో ఎంత లోటుందన్నదే చూడాలి. గూడెంలోకి వెళ్లాక అందరినీ అడగాలి. సంస్థ స్వయంసహాయక సంఘంలో ఉన్నవారిని పిలిచి లేనివారిని వదిలేయకూడదు. విత్తనాలు, కాఫీ మొక్కలు, రుణాలు పంచే రోజున ఓటరు నమోదు పెట్టకూడదు. నమోదైతే బహుమతి ఇస్తామనడం అసలే కూడదు. ఫారం 7 జోలికి సంస్థ పోకూడదు. చనిపోయినవారి పేరు తొలగించడం కుటుంబమూ బీఎల్‌వో చూసుకుంటారు, నోటీసు ఇచ్చి వినకుండా పేరు తీసేయకూడదని చట్టమే చెబుతోంది. పార్టీ పదవుల్లో ఉన్నవారిని, పోటీ చేయాలనుకునేవారిని ఈ పనిలోకి తీసుకోకూడదు. ఎవరికి ఓటేస్తావన్న ప్రశ్న వేయకూడదు. ఎవరైనా తానుగా చెప్పినా రాసుకోకూడదు. ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు దాచుకోకూడదు. పోలింగు రోజున జీపులు పెట్టి జనాన్ని తరలించకూడదు. వీటన్నిటికంటే ముందు, పని ఎన్నికల వేడి రాజుకోకముందే ముగించాలి. నామినేషన్ల గడువు దాటాక ఆ ఎన్నికకు కొత్త పేర్లు చేరవు కాబట్టి ఆలస్యం చేస్తే ఫలితం లేదు. పైగా అభ్యర్థుల పేర్లు ఖాయమయ్యాక ఏ పనికైనా రంగు అంటుకుంటుంది.

ఇప్పుడు అభ్యంతరాల దగ్గరికి వస్తాను. అన్నిటికంటే బలమైనది ఇది: మన్యంలో సంస్థలు నిజంగా తటస్థంగా ఉండగలవా? పోడు భూముల గురించి, గనుల గురించి ఒక మాట గట్టిగా చెప్పిన సంస్థ ఓటరు నమోదుకు పూనుకుంటే, దాని వెనక ఏదో ఉద్దేశం ఉందని అధికార పక్షమో ప్రతిపక్షమో అనకుండా ఉంటుందా? అనవచ్చు. అయితే ఒక సమస్య మీద పక్షం వహించడం, ఒక పార్టీ పక్షం వహించడం వేర్వేరు సంగతులు. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గిరిజన గ్రామాల్లో ప్రైవేటు కంపెనీలకు ఇచ్చిన లీజుల మీద సమత అనే సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1997 జులై 11న వచ్చిన తీర్పు ఏ ఒక్క పార్టీ సొత్తూ కాలేదు, తర్వాత వచ్చిన ప్రతి ప్రభుత్వానికీ అది వర్తించింది. ప్రజా సమస్యల మీద ఆందోళనకు మద్దతిచ్చినంత మాత్రాన ఒక సంస్థను రాజకీయ సంస్థ అనలేమనీ, పార్టీ రాజకీయాలతో సంబంధం ఉందా లేదా అన్నదే చూడాలనీ 2020 మార్చిలో విదేశీ విరాళాల చట్టానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అమెరికాలో కూడా 1954 నుంచి పన్ను మినహాయింపు ఉన్న సేవాసంస్థలు అభ్యర్థుల తరఫున పనిచేయరాదు, పక్షపాతం లేకుండా ఓటర్లను నమోదు చేయించడానికి మాత్రం అడ్డులేదు. గీత దాటాలనుకుంటే బాహాటంగా దాటడం ఒక మర్యాద. 1996లో పౌర ఉద్యమంగా మొదలైన లోక్‌సత్తా, 2006 అక్టోబరు 2న పార్టీగా మారినప్పుడు ఆ సంగతి అందరికీ చెప్పే మారింది. ఉద్యమం పేరుతో పార్టీ పని చేయడంకంటే అది ఎంతో మేలు. కాబట్టి గట్టి అభిప్రాయాలున్న సంస్థ ఈ పనికి తగదని నేను అనను. ఆ అభిప్రాయాలను నమోదు జరిగే గూడెం బయట ఉంచమంటాను. తన వాదనను వ్యతిరేకించే కుటుంబం పేరు కూడా అదే శ్రద్ధతో చదవమంటాను.

రెండో అభ్యంతరం కాస్త సూక్ష్మమైనది. ఏ ఊళ్లో నమోదు పెరిగితే ఆ ఊరి బలం పెరుగుతుంది కదా, అప్పుడు ఎక్కడ పనిచేయాలన్న ఎంపికే పక్షపాతం కాదా? ఇందులో నిజం ఉంది. అందుకే ఎంపికకు కొలత ముందే ప్రకటించాలి. గూడెంలో పద్దెనిమిదేళ్లు నిండినవారు ఎందరు, జాబితాలో ఉన్నవారు ఎందరు, వారిలో స్త్రీలు ఎందరు, ఇరవై అయిదేళ్లలోపు వారు ఎందరు? ఈ తేడా ఎక్కడ ఎక్కువగా ఉంటే అక్కడికి ముందు వెళ్తామని చెప్పి, ఆ పట్టికను అన్ని పార్టీల మండల నాయకులకూ ఒకే రోజున ఇవ్వాలి. పేర్లు చదివే తేదీలు కూడా అందరికీ తెలియజేయాలి. బూత్ ఏజెంట్లు వచ్చి కూర్చుంటే మంచిదే, చూడనివ్వాలి. మాట్లాడటం మాత్రం ఊరి వంతు. అందరి ఎదుట పేర్లు చదివితే గోప్యత పోదా అనే ప్రశ్న కూడా వస్తుంది. ఓటర్ల జాబితా ప్రచురించే పత్రమే, అందులోని పేర్లు రహస్యం కావు. దాచాల్సింది ఓటు, పత్రాల మీది నంబర్లు. ఈ రెండూ చదవడంలోకి రావు.

మూడో అభ్యంతరం చెప్పేవారు ఇది ప్రభుత్వం పని కదా, సంస్థలకెందుకు అంటారు. నిజమే, 326వ అధికరణం ఇచ్చిన వయోజన ఓటు హక్కును అమలుచేయాల్సింది రాజ్యమే. సంస్థ బీఎల్‌వో స్థానంలో కూర్చోకూడదు, బీఎల్‌వో గూడెం దాకా వచ్చేలా చేయాలి. కానీ రాజ్యం తనంత తానుగా అన్నీ సరిగ్గా చేస్తుందని నమ్మి ఊరుకుంటే ఏమవుతుందో తెలంగాణ చూసింది. 2018 డిసెంబరు పోలింగు రోజున పేర్లు లేవని జనం వెనుదిరిగితే ఆ రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. 2025లో బీహార్ ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణలో ముసాయిదా జాబితాకు 65 లక్షల పేర్లు దూరమైతే, ఎవరి పేరు ఎందుకు పోయిందో కారణాలతో ప్రకటించమని సుప్రీంకోర్టు ఆగస్టులో ఆదేశించింది. ఆ కేసు వేసినవారిలో ఎన్నికల సంస్కరణల కోసం పనిచేసే పౌర సంస్థ ఉంది. పోలింగు రోజు క్షమాపణ పోయిన ఓటును తిరిగి ఇవ్వదు. ముసాయిదా దశలోనే పేర్లు వినబడి ఉంటే క్షమాపణతో అవసరమే ఉండదు. ఇక, ఓటు వేసినా కొండకు ఒరిగేదేముంది అన్న నిరాశ కూడా ఉంది. అరకు లోక్‌సభ స్థానంలో 2019లో సుమారు 48 వేల మంది, 2024లో 50 వేలకు పైగా నోటా నొక్కారు. అందులో కొంత గుర్తులు తెలియని గందరగోళం ఉండవచ్చు, కొంత నిరసన ఉండవచ్చు. ఏదైనా, వాగులు దాటి వచ్చి ఎవరూ వద్దని చెప్పిన మనిషికి ఎన్నికల మీద ఆసక్తి లేదనలేం. ఆ మాట లెక్కకు రావాలన్నా ముందు పేరు జాబితాలో ఉండాలి. నోటా నొక్కమనో, వద్దనో చెప్పడం మాత్రం సంస్థ పని కాదు.

ఈ పద్ధతికి అసలైన పరీక్ష సాలూరు మండలం సరిహద్దున ఉన్న కొటియా గ్రామాల్లో ఎదురవుతుంది. ఆ 21 గ్రామాలు మావంటే మావని ఆంధ్రప్రదేశ్, ఒడిశా దశాబ్దాలుగా వాదించుకుంటున్నాయి. 2021లో మన రాష్ట్రం అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా సుప్రీంకోర్టుకెక్కింది. 2024 మే 13న ఆంధ్ర వైపు అరకు, ఒడిశా వైపు కోరాపుట్ లోక్‌సభ స్థానాలు రెండింటికీ ఒకే రోజున పోలింగు జరిగింది. అక్కడ చాలామంది దగ్గర రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ ఉన్నాయి. ఒకరి పేరు రెండు నియోజకవర్గాల్లో ఉండకూడదని ప్రజాప్రాతినిధ్య చట్టం 17వ సెక్షన్ అంటుంది. దరఖాస్తులో తెలిసి అబద్ధం రాస్తే ఏడాది దాకా జైలుశిక్ష పడవచ్చు. రెండు ప్రభుత్వాలూ పోటీపడి రేషను, రోడ్డు, బడి ఇస్తామంటున్న చోట పేదవాడు రెండు కార్డులూ అట్టిపెట్టుకోవడాన్ని నేరబుద్ధి అనలేం. అలాగని సంస్థ రెండో దరఖాస్తు నింపిపెట్టకూడదు, ఏ రాష్ట్రాన్ని ఎంచుకోవాలో చెప్పకూడదు. చట్టం ఏమంటుందో వారి భాషలో వివరించి, నిర్ణయం వారికి వదిలి, రెండు జిల్లాల అధికారులకూ ఒకే సమాచారం ఇచ్చి ఊరుకోవాలి. నమోదు సంఖ్య పెరగకపోయినా సరే. పని ఎంత జరిగిందన్నది సంఖ్యతోనే కొలిచే సంస్థ ఇక్కడ తప్పక జారిపడుతుంది.

కాబట్టి మన్యంలో ఈ పనికి దిగే సంస్థను నిధులిచ్చేవారు ఎన్ని ఫారాలు నింపారని మాత్రమే అడగకూడదు. ఎన్ని గూడేల్లో పేర్లు చదివారు, చదివినప్పుడు బీఎల్‌వో ఉన్నాడా, ఇచ్చిన దరఖాస్తుల్లో ఎన్ని తుది జాబితాలోకి ఎక్కాయి, ఎక్కనివాటి గురించి ఎవరిని అడిగారు అని అడగాలి. ఎన్నికలు ముగిశాక ఓడిన అభ్యర్థి ఆ సంస్థ కార్యాలయానికి వచ్చి లెక్కలు చూపించమంటే, తడబడకుండా పుస్తకం తెరిచి చూపగలగాలి. తన బలమున్న ఊళ్లలో కూడా అదే తీరుగా పేర్లు చదివారని ఆయనకు అందులో కనబడాలి. నిష్పాక్షికతకు అంతకంటే మంచి సాక్ష్యం నాకు తోచడం లేదు. ఈ మాటలు వింటున్న మీది ఏ గూడెమైనా, వచ్చే ముసాయిదా జాబితా రాగానే గ్రామసభలో చదివి వినిపించమని మీ బీఎల్‌వోను అడగండి. అడగడానికి ఏ సంస్థా అక్కర్లేదు, అది మీ హక్కు. మీకు తోడుగా ఒక సంస్థ వస్తే రానివ్వండి. మీ ఓటు ఎవరికని అది అడిగిందంటే మాత్రం మర్యాదగా పంపించేయండి.